కంభంలో రాత్రి బస

సర్ థామస్ మన్రో జ్ఞాపకార్థం గుత్తిలో ఒక సత్రం కట్టించారని చదివిన రోజు నుంచీ ఆ సంగతి నా మనసులో తిరుగుతూనే ఉంది. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహం సంగతి అందరికీ తెలుసు. గవర్నరుకు విగ్రహం పెట్టడంలో వింత లేదు. దారిన పోయేవాడు తల దాచుకునే చోటు కట్టి, దానికి ఒక తెల్లదొర పేరు పెట్టడం వింత. అంతకన్నా వింత ఏమిటంటే, ఈ సీమలో పనిచేసిన తొలి రోజుల్లో ఆ మనిషికి ఇల్లే లేదు. ఏళ్ళ తరబడి డేరాల్లోనే కాపురం చేశాడు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదిలేశాక దీనికి దత్తమండలమని పేరు వచ్చింది. మన్రో 1807 దాకా దానికి ప్రధాన కలెక్టరు. బళ్ళారి, అనంతపురం, కడపలతో పాటు మన కంభం, మార్కాపురం, గిద్దలూరు కూడా ఆ దత్తమండలంలోవే. ఎనభై మంది దాకా పాలెగాళ్ళు తలో కోట కట్టుకుని కూర్చున్న రోజులవి. పొలాలు కొలిపించాలి, శిస్తులు తేల్చాలి, పాలెగాళ్ళను దారికి తేవాలి. ఒక ఊళ్ళో కూర్చుంటే సాగే పని కాదు. తోపులో డేరా వేయడం, అక్కడే కచేరీ పెట్టడం, రైతులు చెప్పుకునేది వినడం, పని తీరగానే డేరా పీకి తర్వాతి మజిలీకి కదలడం. ఆయన రోజులు అలా గడిచాయి.

తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి దిగి స్వదేశానికి పోబోతూ, పాత సీమను ఒకసారి చూసి వెళ్దామని బయల్దేరాడు. 1827 జూలై 6న పత్తికొండలో, దారి మధ్యలోనే, కలరాతో పోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి పూడ్చారు. కొన్నేళ్ళకు మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పాపాఘ్ని ఒడ్డున గండి క్షేత్రంలో ఆయనకు కొండల మధ్య బంగారు తోరణం కనిపించిందని, అది కనిపించినవాళ్ళు ఎన్నాళ్ళో బతకరని కడప వైపు ఇప్పటికీ చెబుతారు. దొరల గురించి మనవాళ్ళు ఇంత మెత్తగా కథ అల్లుకోవడం తక్కువే. గుత్తి సత్రం కూడా ఆ ప్రేమలో భాగమే అనిపిస్తుంది నాకు. దారిలో బతికి దారిలో పోయినవాడికి దారిన పోయేవాళ్ళ చోటే సరైన గుర్తు.

మన్రో డేరా పట్టుకుని బయల్దేరితే ఆ దారి నన్ను కంభానికి చేర్చింది. ఊరికి వచ్చిన మనిషి రాత్రికి ఎక్కడ పడుకున్నాడు అని అడిగితే, అతను ఎలా వచ్చాడన్నదే జవాబవుతుంది. నడిచి వచ్చినవాడిది ఒక చోటు, పల్లకిలో వచ్చినవాడిది ఇంకో చోటు, రైలు దిగినవాడిది మరో చోటు. కారులో వచ్చినవాడు అసలు ఆగుతాడో లేదో! కంభం లాంటి ఊరు ఈ మార్పులన్నీ చూసింది. తూర్పున కోస్తా, పడమట నల్లమల దాటితే నంద్యాల, ఉత్తరాన శ్రీశైలం, దక్షిణాన పోరుమామిళ్ళ మీదుగా కడప. నాలుగు దిక్కుల దారులకూ ఇది మజిలీ.

నడక కాలంలో మజిలీని తేల్చేది మనిషి కాళ్ళు, నీళ్ళు. రోజుకు రెండు ఆమడలు నడిస్తే గొప్ప. ఆమడంటే సుమారు ఎనిమిది మైళ్ళు. ఆ దూరానికి ఒక బావి, ఒక చెట్టు, మూడు రాళ్ళ పొయ్యి ఉంటే చాలు, అక్కడ ఒక ఊరు మొలిచేది. కంభంలో ఆ నీళ్ళకు లోటు లేదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల మధ్య సందులోంచి బయటపడే చోట, ఆ సందును ఒక కట్టతో మూసేశారు. కట్ట ఎత్తు 57 అడుగులు. దాని వెనక ఏడు కిలోమీటర్ల పొడవున నీళ్ళు. 430 చదరపు మైళ్ళ మీద కురిసిన వాన ఈ చెరువుకే చేరుతుంది. పదివేల ఎకరాలకు పైగా దీని కింద సాగు. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. వేసవిలో నల్లమల దాటి వచ్చినవాడికి ఈ నీళ్ళు కనిపించాక ఇంకో మైలు నడవాలని ఎందుకనిపిస్తుంది?

నీళ్ళ పక్కనే నిద్ర. మామూలు బాటసారికి వీధి అరుగే పరుపు. ఇంటి గడప బయట రెండు వైపులా అరుగులు కట్టడంలో ఇంటివాళ్ళ సుఖం ఎంతుందో, దారిన పోయేవాడి నిద్రా అంతే ఉంది. పొద్దు వాలాక అరుగు మీద మూట దించినవాణ్ణి ‘ఏ ఊరు, ఎటు పోతున్నావు’ అని అడగడమే చిరునామా రాసుకోవడం. మజ్జిగ ఇచ్చేవాళ్ళు, జొన్నరొట్టె పెట్టేవాళ్ళు, ఊరి కబుర్లు అడిగి వినేవాళ్ళు. మసీదు దగ్గరి ముసాఫరుఖానా, గుడి మండపం, ఊరి చివర మర్రిచెట్టు కూడా బసలే. వీటిలో ఎవరికి ఏది దక్కేదన్నది కులం తేల్చేది. మాల మాదిగలకు అరుగు లేదు, సత్రం లేదు, చెట్టు ఒక్కటే. పాత ఆతిథ్యాన్ని తలచుకుని మురిసిపోయేటప్పుడు ఈ మాట మింగేస్తే అది చరిత్ర కాదు.

అలా మింగేయకూడదని గట్టిగా అనడానికి నాకు ఒక శాసనం ఆధారం. 1261లో, రుద్రమదేవి కాలంలో వేయించిన మల్కాపురం శాసనం ఇప్పటి అమరావతి ప్రాంతంలో ఉంది. విశ్వేశ్వర శంభువు నడిపిన గోళకీ మఠానికి ఇచ్చిన గ్రామాల ఆదాయం ఏ పనికి ఎంత పోవాలో అందులో రాసి పెట్టారు. గుడికి ఇంత, బడికి ఇంత, వైద్యశాలకు, ప్రసూతిశాలకు ఇంత, అన్నసత్రానికి ఇంత. ఆ సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని రాశారు. ఏడువందల అరవై ఏళ్ళ కిందట రాతి మీద చెక్కించిన మాట అది! మనం దాన్ని నిలబెట్టుకోలేదు. తర్వాత వచ్చిన సత్రాలు ఒక్కో కులానికి ఒక్కో గుమ్మం పెట్టుకుంటూ పోయాయి.

అదే కాకతీయుల ఓరుగల్లులో డబ్బిచ్చి తినే ఇల్లు కూడా ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామంలో ఒక పూటకూళ్ళ ఇంటి వర్ణన వస్తుంది. ఒక్క రూక ఇస్తే కమ్మని భోజనం. గురజాడ కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మకు ఈమె ఐదొందల ఏళ్ళ నాటి ముత్తవ్వ. వినుకొండ, కంభం ఒకే బాట మీది ఊళ్ళు కాబట్టి ఆ రూక భోజనం మీద నాకు కాస్త సొంత అభిమానం ఉంది. కోస్తా వైపు చూస్తే, ధర్మానికి పెట్టే ఇంటికి పేరు మోసింది డొక్కా సీతమ్మ గారి ఇల్లు. 1909లో ఆమె పోయేదాకా గోదావరి లంకల గన్నవరంలో అర్ధరాత్రి తలుపు తట్టినవాడికి కూడా అన్నం దొరికేది. డబ్బుకు, ధర్మానికి అన్న ఈ రెండు రకాల ఇళ్ళూ మన దేశంలో పక్కపక్కనే బతికాయి.

శ్రీశైలం దారి వేరు. త్రిపురాంతకం ఆ క్షేత్రానికి తూర్పు ద్వారం. మన మార్కాపురం సీమలోనే ఉంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంతా శివరాత్రికి కొండకు పోయే జనంతో నింపేశాడు. రెడ్డిరాజుల్లో ప్రోలయ వేమారెడ్డి అక్కడ మెట్లు కట్టించాడు. కృష్ణదేవరాయలు రథవీధికి రెండు వైపులా సాలుమండపాలు కట్టించాడు. రాజులు ధర్మం చేయాలనుకుంటే నడిచేవాడి కాళ్ళను, వాన్లో తడిసే నెత్తిని చూశారు. ఈ మధ్యనున్న శతాబ్దాలను నేను ఇలా గబగబా దాటేస్తున్నాను, ఎందుకంటే నా మనసంతా 1830 మీద ఉంది.

ఆ ఏడాది మే 18 రాత్రి ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. సుప్రీం కోర్టులో దుబాసీ. వెంట కుటుంబం, పరివారం, బోయీలు అంతా కలిపి వందమంది దాకా. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరేదాకా, ప్రతి మజిలీలో చూసింది రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చాడు. ఆయన పోయాక 1838లో అది కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. తెలుగులో యాత్ర రాయడానికి అది మొదటి బడి.

ఆ పుస్తకాన్ని తత్వం కోసం చదివేవాళ్ళున్నారు, చరిత్ర కోసం చదివేవాళ్ళున్నారు. నేను బస కోసం చదువుతాను. ఊరికి చేరగానే ఆయన కళ్ళు వెతికేవి నాలుగే: నీళ్ళు బాగున్నాయా, అంగళ్ళలో సరుకులు దొరుకుతాయా, దిగడానికి సత్రమో విశాలమైన ఇల్లో ఉందా, దారి బండికి అనువా పల్లకికి అనువా. సత్రం ఉంటే ఉందంటాడు, లేకపోతే లేదంటాడు. కట్టించిన ధర్మాత్ముణ్ణి మెచ్చుకుంటాడు, పాడుపెట్టినవాళ్ళను తప్పు పడతాడు. వెనక వచ్చే యాత్రికుడికి పనికి రావాలన్న తపన ప్రతి పేజీలోనూ ఉంది. ఇవాళ ఫోన్లో గది బుక్ చేసే ముందు మనం వెతికే సంగతులన్నీ ఆయన అప్పుడే రాశాడు. అబద్ధం రాయడానికి ఆయనకు ఏ కారణమూ లేదు.

ఆయన పల్లకి కంభం రాలేదు. కడప నుంచి దువ్వూరు, అహోబిలం, మహానంది, ఆత్మకూరు మీదుగా, అంటే నల్లమలకు అవతలి ఒడ్డున సాగింది. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారిన శ్రీశైలం ఎక్కాడు. అప్పుడు ఆ కొండ కందనూరు, అంటే కర్నూలు, నవాబు ఏలుబడిలో ఉంది. యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవాళ్ళు, యాత్రికులకు చేసిన సౌకర్యం మాత్రం లేదు. ఈ సంగతి చదివితే ఇప్పటికీ నాకు మండుతుంది. డబ్బు తీసుకుని నీడ ఇవ్వకపోవడం కన్నా పెద్ద తప్పు యాత్రాస్థలంలో ఇంకొకటి లేదు. అడవిలో రాత్రులు కాపలాతో, మంటలతో గడిచేవి. కొండ మీద పగలంతా దేవుడు, రాత్రంతా పులి భయం. గుంపు లేకుండా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. కంభం, మార్కాపురం వైపు నుంచి దోర్నాల మీదుగా ఎక్కేవాళ్ళకూ అదే కథ. శివరాత్రికి ముందు నాళ్ళలో ఈ ఊళ్ళలో జనం పోగై, ఒకరికొకరు తోడయ్యాక బయల్దేరేవాళ్ళు. తోడు దొరికేదాకా ఎదురుచూడటమే ఆనాడు ఊళ్ళో ఉండిపోవడానికి కారణం. సత్రంలో మూడు రోజులు ఉండనిచ్చే వాడుక వెనక ఈ అవసరం కూడా ఉండి ఉంటుంది.

ఆ మూడు రోజుల్లో ఊరికీ యాత్రికుడికీ మధ్య ఏదో జరిగేది. యాత్రికుడు కాశీ కబురు చెప్పేవాడు. ఊరివాళ్ళు పెళ్ళి సంబంధం అడిగేవాళ్ళు, వైద్యం అడిగేవాళ్ళు, పోయిన కొడుకు ఆచూకీ అడిగేవాళ్ళు. వచ్చినవాడితో ఊరికి ప్రపంచం తెలిసేది. అది పోయింది. దాన్ని మించిన నష్టం ఈ కథలో నాకు కనిపించదు.

కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన 1858లో కంభం, మార్కాపురం తాలూకాలు కడప నుంచి కొత్త కర్నూలు జిల్లాకు వెళ్ళాయి. దొరల కోసం ముసాఫరు బంగళాలు వచ్చాయి. పెద్ద వసారా, ఎత్తు కప్పు, వంటవాడు, కావలివాడు. అడవిలో ఫారెస్టు బంగళాలు. మన్రో డేరా రాతి గోడలు తొడుక్కుందన్నమాట. ఊరివాళ్ళు మాత్రం అందులోకి అడుగుపెట్టే పని లేదు.

ఆ తర్వాత ఊళ్ళ తలరాత మార్చింది రైలు. 1876-78 నాటి ధాత కరువులో ఈ సీమలో జనం పిట్టల్లా రాలిపోయారు. ధాన్యం ఉన్న చోటి నుంచి లేని చోటికి చేరవేయడానికి రైలు కావాలని ప్రభుత్వానికి అప్పుడు తెలిసొచ్చింది. బళ్ళారి వైపు నుంచి కృష్ణ దాకా మీటర్ గేజి దారి వేశారు. నల్లమలను దాటించడం ఆ దారికి పెద్ద పరీక్ష. బొగద దగ్గర కొండను తొలిచి సొరంగం చేశారు, దొరబావి లోయ మీద ఎత్తైన ఉక్కు వంతెన కట్టారు. 1890 దరిదాపుల్లో గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, గుంటూరు ఒకే పట్టా మీద ఊళ్ళయ్యాయి.

చిన్న రైలు నిదానంగా పోయేది కాబట్టి ప్రయాణంలో రాత్రి తప్పేది కాదు. కానీ ఆ రాత్రి ఊళ్ళోంచి స్టేషనుకు మారింది. వెయిటింగు రూములో, ప్లాట్‌ఫారం మీద, బయట టీ బంకు బల్ల మీద. ఊరి నడిబొడ్డున ఉన్న పాత సత్రం, రైలు దిగినవాడికి దూరమైంది. స్టేషను గేటు ఎదుట పూటకూళ్ళ ఇళ్ళు, జట్కా బళ్ళు, ఆ తర్వాత గదులిచ్చే లాడ్జిలు పుట్టాయి. మద్రాసు సెంట్రల్ ఎదుట రాజా సర్ రామస్వామి మొదలియార్ సత్రం ఎందుకు లేచిందో, మధుర స్టేషను ఎదుట రాణీ మంగమ్మ పేరిట సత్రం ఎందుకు ఉందో, చిన్న ఎత్తున ఇక్కడా అదే కారణం. మంగమ్మ మన తెలుగు నాయకరాజుల కోడలే. పదిహేడో శతాబ్దం చివర ఆమె పాలించినప్పుడు బాటలు, సత్రాలు ఆమెకు శాశ్వతంగా పేరు తెచ్చాయి.

రైలుతో శ్రీశైలం యాత్రకు మార్కాపురం రోడ్ స్టేషను గుమ్మమైంది. కోస్తా జనం అక్కడ దిగి, దోర్నాల దారి పట్టేవాళ్ళు. ఘాట్ రోడ్డు పడి బస్సు నడిచాక, ముఖ్యంగా 1960ల్లో శ్రీశైలం ప్రాజెక్టు పనులు సాగాక, గుంపు కట్టి నడిచే అవసరం తీరిపోయింది. బస బస్టాండు చుట్టూ చేరింది. మార్కాపురం పలకల బేరానికి వచ్చేవాళ్ళు, కోర్టు వాయిదాకు వచ్చేవాళ్ళు, బదిలీ మీద వచ్చి ఇల్లు దొరికేదాకా ఉండే పంతుళ్ళు, మందుల కంపెనీ ప్రతినిధులు. లాడ్జి పెద్ద పుస్తకంలో పేరు, ఊరు, వచ్చిన పని అని మూడు గళ్ళు ఉండేవి. అరుగు మీద అడిగిన ప్రశ్నలే అవి, కాగితం మీదికి ఎక్కాయి. కొండ పైన మాత్రం సత్రం చావలేదు. కరివేన సత్రం, వాసవి సత్రం, కమ్మ సత్రం, రెడ్డి సత్రం అంటూ కులాల వారీగా పెరిగింది. అన్నం పుణ్యమే, గది చౌకే. అయినా మల్కాపురం శాసనం చదివినవాడికి ఆ బోర్డుల వరుస చూస్తే మనసు చివుక్కుమంటుంది.

1990ల్లో గేజి మారింది. పెద్ద పట్టా కోసం దారి పక్కకు జరపడంతో దొరబావి వంతెనకు పని లేకుండా పోయింది. రైళ్ళు వేగం పుంజుకున్నాయి. నిన్న రాత్రి గడిపిన చోట ఇప్పుడు రెండు నిమిషాలు ఆగితే ఎక్కువ. ఆ తర్వాత సొంత కార్లు. అనంతపురం నుంచి బనగానపల్లె, గిద్దలూరు, కంభం, వినుకొండ మీదుగా గుంటూరు పోయే 544డి జాతీయ రహదారి మీద కంభం ఒక బోర్డు, ఒక టీ. పొద్దున గుంటూరులో టిఫిన్ చేసినవాడు మధ్యాహ్నానికి నల్లమల దిగిపోతాడు.

ఈ కారు కాలంలో మనిషిని ఇంకా ఆపగలిగేది పులి ఒక్కటే. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి తొమ్మిదికి అటవీశాఖ గేటు మూస్తే తెల్లవారి ఆరింటికి గానీ తెరవరు. ఆలస్యమైనవాళ్ళు దోర్నాలలోనో మార్కాపురంలోనో గది వెతుక్కోవాలి. రెండు వందల ఏళ్ళ కిందట గుంపు కోసం జనాన్ని ఆపిన భయమే ఇప్పుడు చట్టం రూపంలో ఆపుతోంది. నాకు ఇది ఎంతో నచ్చిన సంగతి. అడవికి తన రాత్రి తనకు ఉండాలి.

మరోవైపు బసే యాత్రగా మారింది. తుమ్మలబైలు, బైర్లూటి, పచ్చర్ల అటవీ శిబిరాలకు జనం దేవుడి కోసమో పని కోసమో కాకుండా, అడవిలో ఒక రాత్రి పడుకోవడానికే వెళ్తున్నారు. దేవస్థానం గదులు ముందే ఫోన్లో బుక్ అవుతున్నాయి. 2013లో పుట్టిన ఓయో లాంటి కంపెనీలు చిన్న ఊరి లాడ్జికి కూడా ఎర్ర బోర్డు తగిలించాయి. ఎక్కడ దిగాలన్నది బయల్దేరక ముందే తేలిపోతోంది. ఊరు చేరి, నలుగురిని అడిగి, నచ్చి ఉండిపోయే అవకాశం మూసుకుపోయింది. ఫోన్లో కనిపించని ఊరికి అతిథి రాడు.

కంభానికి ఇది అన్యాయం. 2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి పారుదల సంస్థ ఈ చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది పక్కనే ఉన్న పోరుమామిళ్ళ చెరువుకూ ఆ గౌరవం దక్కింది. చెరువు ఎలా కట్టాలో 1369 నాటి శాసనంలో చెప్పిన చెరువది. ఇలాంటి రెండు చెరువులు, త్రిపురాంతకం, మార్కాపురం చెన్నకేశవుడు, అన్నీ ఒక రోజు ప్రయాణంలో ఉన్నాయి. అయినా చూడవచ్చేవాళ్ళు కట్ట మీద ఫోటో తీసుకుని పొద్దు వాలకముందే కారెక్కుతున్నారు. నీళ్ళ మీద పొద్దుటి వెలుగు చూడాలంటే ఊళ్ళో నిద్రపోవాలి. పర్యాటక శాఖ కట్టాల్సింది స్టార్ హోటల్ కాదు. శుభ్రమైన పది గదులు, ఒక వంటిల్లు, చెరువు కథ చెప్పగల ఒక స్థానికుడు. అంతకు మించి అక్కర్లేదు. కులం అడగని గుమ్మం మాత్రం తప్పనిసరి.

చదువుతున్నవాళ్ళకు ఒక విన్నపం. మీ ఊళ్ళో పాత సత్రం ఉంటే వెళ్ళి చూడండి. చాలావాటిలో ఇప్పుడు అంగళ్ళున్నాయి, కొన్ని కూలడానికి సిద్ధంగా ఉన్నాయి. గుమ్మం పక్కన సున్నం పూతల కింద ఒక రాయి ఉంటుంది. కట్టించినవారి పేరు, సంవత్సరం, ఎవరి జ్ఞాపకార్థం అన్నది దాని మీద ఉంటుంది. సున్నం మెల్లగా తుడిచి, ఫోటో తీసి, అక్షరం పోకుండా రాసి, ఆ కాపీ మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి.